పచ్చిక క్రింద నీటి దారి

ఏలూరు నుండి కైకలూరు పోవు దారిలో ఇరువైపుల పరచుకొన్న చేపల చెరువులను చూడనివారు మన ప్రాంతమున అరుదు. 2002 మార్చి 3వ తేదీన భీమవరం నుండి బయలుదేరిన ఒక హెలికాప్టరు కైకలూరు సమీపమున, కొవ్వాడలంక వద్ద ఇట్టి చెరువొకదానిలో కూలిపోయినది. అందు ప్రయాణించుచున్న లోక్‌సభ స్పీకరు గంటి మోహనచంద్ర బాలయోగి ప్రాణములు కోల్పోయినారు. కోనసీమలో సామాన్య కుటుంబమున పుట్టి, ఆ పదవినధిష్ఠించిన తొలి దళిత నాయకుడైన ఆయనకు అప్పటికి ఏబదియేండ్ల వయస్సు. నాడు కృష్ణా జిల్లాలోనిదైన కైకలూరు 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది.

ఆ విషాదమునకును, ఫుట్‌బాలు ఆటకును ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. 2002 డిసెంబరులో జరిగిన జాతీయ క్రీడలకై హైదరాబాదు సన్నద్ధమగుచున్న రోజులవి. నగరపు శివార్లలో, గచ్చిబౌలి వద్ద నిర్మించిన విశాలమైన క్రీడారంగమునకు బాలయోగి పేరు పెట్టినారు. తెలుగుదేశమున వృత్తి ఫుట్‌బాలుకు నిలయమైన స్టేడియములలో అదియు ఒకటి. మన కొల్లేటి గట్టున ఆగిపోయిన ఒక జీవితము పేరు అక్కడ నిలిచియున్నది.

అయితే తెలుగునాట ఫుట్‌బాలు చరిత్ర గచ్చిబౌలితో మొదలైనది కాదు. దానిని తెలియగోరువారు నగరము నడుమనున్న ఫతేమైదానునకు పోవలెను. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు విడిసిన చోటు గనుక, విజయానంతరము దానికి ఆ పేరు వచ్చినదందురు. అసఫ్‌జాహీల కాలమున అది పోలో ఆటస్థలము. 1955 నవంబరులో అక్కడ మొదటి టెస్టు క్రికెట్టు పోటీ జరిగినది. 1966లో కన్నుమూసిన ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి పేరు 1967లో ఆ స్టేడియానికి పెట్టినారు. ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారములు సైతము అక్కడ జరిగినవి.

ఆ నగరమును ఫుట్‌బాలుకు పుట్టినిల్లుగా తీర్చినవాడు ఒక బడిపంతులని మన ఉపాధ్యాయులలో ఎందరికి తెలియును? సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో బోధించినాడు. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ యేటి నుండి 1954 వరకు, వరుసగా ఐదుసార్లు, ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము భారతజట్టుకు లభించినది ఆయన శిక్షణలోనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవారు నాలుగవ స్థానమున నిలిచినారు. తంగరాజు, బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు బిడ్డలు ఆ జట్టులోనివారే.

రహీం పద్ధతి బడిపంతులు పద్ధతియే. బంతిని ఒంటరిగా కాళ్ళ నడుమ త్రిప్పుకొనుచు పోరాదని నియమము పెట్టి ఆయన పోటీలు నడిపినాడు. తోటివానికి అందించుట తప్ప ఆటగానికి వేరు దారి లేదు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనని మరికొన్ని పోటీలు. చేతివ్రాత బాగులేని పిల్లవానిచేత ఆ అక్షరమునే దిద్దించు ఉపాధ్యాయుని నేర్పు ఇందులో కనబడుచున్నది గదా! క్యాన్సరు వ్యాధితో బాధపడుచునే జకార్తా విజయమును చూచిన ఆయన 1963 జూన్ 11న మరణించినాడు. ఆయన పోయిన తరువాతను కొంతకాలము ఆ వెలుగు మిగిలినది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినది. 1970 ఆసియా క్రీడలలో కాంస్యము తెచ్చిన భారతజట్టుకు నాయకుడు హైదరాబాదు వాడైన నయీముద్దీన్.

ఇక పునరుద్ధరణ మాట. స్టేడియం బాగుచేయుటయనగా కుర్చీలు మార్చి, గోడలకు రంగులు వేసి, దీపస్తంభములు నిలుపుటయని మనమనుకొందుము. అవియు అవసరమే. కాని ఆటకు ప్రాణము నేలలో ఉన్నది. 2008లో ఆసియా ఛాలెంజ్ కప్పు పోటీలు హైదరాబాదులో జరిగినవి. అది శ్రావణమాసము. ఎడతెగని వానలకు పచ్చిక చిత్తడియై, ఆడుటకు వీలులేక, తుదిపోటీని ఢిల్లీకి తరలించవలసి వచ్చినది. ఆగస్టు 13న అక్కడ తజికిస్థాన్‌పై 4-1 తేడాతో భారతజట్టు గెలిచి, 2011 ఆసియా కప్పులో ఆడుటకు అర్హత సంపాదించినది. పోటీలు నడిపిన నగరమునకు మాత్రము ఆ గెలుపు పండుగను కన్నులార చూచు భాగ్యము కలుగలేదు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. పెద్ద పోటీల ఆటస్థలము పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. వైశాల్యము 7,140 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో 71,400 లీటర్ల నీరు చేరును. అది ఎక్కడికి పోవలెను? పచ్చిక క్రింద ఇసుక పొర, దాని క్రింద కంకర, ఆ క్రింద రంధ్రములు గల గొట్టములు అమర్చి, నేలను తాబేటి వీపు వలె నడుమ రవంత ఎత్తుగా తీర్చి నీటికి దారి చూపుదురు. కొల్లేటి వారికి ఈ సంగతి కొత్త కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చవలెను. ఆ దారి పూడినచో ఊళ్ళు మునుగును. ఆటస్థలమునకును ఒక ఉప్పుటేరు కావలెను. అయితే అది కంటికి కనబడదు. కనబడని పనికి డబ్బు ఖర్చుచేయుటకు మనసు రావలెను. పునరుద్ధరణలో కష్టమైన భాగమదియే.

గచ్చిబౌలికి మరియొక చిక్కు కలదు. అది మొదట పరుగుపందెములకై కట్టినది. పచ్చిక చుట్టును పరుగుబాట ఉండుటచే ప్రేక్షకులు ఆటకు దూరముగా కూర్చుండవలెను. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు నగరమున జరిగిన పిదప ఆ ప్రాంగణమునకు సందడి తగ్గినది. 2020లో కరోనా కాలమున అక్కడి బహుళ అంతస్తుల భవనము ఆసుపత్రిగా మారినది.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అను వృత్తిజట్టు ఏర్పడి గచ్చిబౌలిని తన నిలయముగా చేసికొన్నది. ఆ నవంబరు 2న సొంతగడ్డపై తొలి ఆటలోనే కేరళ జట్టును 2-1తో ఓడించినది. కరోనా వలన రెండు సీజన్లు గోవాలోనే ఆడవలసి వచ్చినది. 2022 మార్చి 20న ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగు విజేతయైనదియు గోవాలోనే. 2024లో గచ్చిబౌలి స్టేడియం మరల కళకళలాడినది. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు పోటీలు, డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోటీ అక్కడ జరిగినవి. కాని 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలి, పేరు సైతము మార్చుకొన్నది.

స్టేడియం మిగిలినది, జట్టు పోయినది. దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినది లేకపోలేదు. డబ్బుతో తెచ్చిన జట్టు డబ్బుతోనే పోవచ్చును. రహీం తయారుచేసిన జట్టు పాఠశాలల మైదానములలోను, పేటలలోను పుట్టి పెరిగినది. దానిని మూటగట్టి మరియొక ఊరికి తీసికొనిపోవుట ఎవరి తరము కాదు.

మన ఏలూరు, తాడేపల్లిగూడెం పాఠశాలల ఆవరణలలో వానకాలమున నీరు నిలుచుట సామాన్యము. ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి ఒక ఆదివారము పలుగు, పార పట్టి, ఆ నీటికి దారి తీసినచో అదియు ఒక స్టేడియం పునరుద్ధరణయే. మరునాటి సాయంకాలము అక్కడ బంతి దొర్లును.