కూతురి కొడుక్కి కిరీటం దక్కుతుందా?

పిల్లల చరిత్ర పాఠాల్లో ‘శతవర్ష యుద్ధం, 1337–1453’ అనే మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య జరిగిందనీ, పేరుకు వందేళ్లయినా 116 ఏళ్లు సాగిందనీ పిల్లలు కంఠతా పట్టేస్తారు. ‘ఎందుకు జరిగింది?’ అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఆ జవాబు రెండు పెళ్లిళ్ల కథలో సులువుగా దొరుకుతుంది.

మొదటి పెళ్లి

ఫ్రాన్స్ నైరుతిలో ఆక్విటేన్ అనే సంపన్న ప్రాంతం ఉండేది. 1137లో దాని ప్రభువు చనిపోగా వారసత్వం పెద్ద కూతురు ఎలియనోర్‌కు వచ్చింది. అదే ఏడాది ఆమెకు ఫ్రాన్స్ యువరాజు లూయీతో పెళ్లయింది. కొద్ది రోజులకే అతడు ఏడవ లూయీగా రాజయ్యాడు. వారికి ఇద్దరూ ఆడపిల్లలే. 1152 మార్చిలో ఆ పెళ్లి రద్దయింది. భార్యాభర్తలు దగ్గరి చుట్టాలన్నది చెప్పిన కారణం. మన దగ్గర మేనరికాలు మామూలే కానీ, ఆనాటి చర్చి ఏడు తరాల లోపు చుట్టరికం ఉన్నా పెళ్లి కూడదనేది. అయితే ఈ నియమం రాజకుటుంబాలకు తరచు అవసరం పడినప్పుడే గుర్తొచ్చేది. రెండు నెలలకే ఎలియనోర్ పెళ్లాడిన హెన్రీ ఆమెకు లూయీ కంటే దగ్గరి చుట్టం!

1154లో ఆ హెన్రీ ఇంగ్లండ్ రాజయ్యాడు. ఎలియనోర్ పుట్టింటి ఆక్విటేన్ కూడా ఆమెతోపాటు అటే వెళ్లింది. చిక్కు ఇక్కడే మొదలైంది. ఇంగ్లండ్‌లో స్వతంత్రుడైన రాజు, ఆక్విటేన్ విషయంలో మాత్రం ఫ్రాన్స్ రాజుకు సామంతుడు. తరాలు మారినా ఈ పేచీ తీరలేదు.

రెండో పెళ్లి

గొడవలు సద్దుమణుగుతాయన్న ఆశతో ఫ్రాన్స్ రాజు నాల్గవ ఫిలిప్ కూతురు ఇసబెల్లాను 1308లో ఇంగ్లండ్ రాజు రెండవ ఎడ్వర్డ్‌కిచ్చి పెళ్లి చేశారు. అప్పటికి ఆమెకు సుమారు పన్నెండేళ్లు. తరువాత ఆమె ముగ్గురు అన్నలూ ఒకరి తరువాత ఒకరు ఫ్రాన్స్ రాజులై 1316, 1322, 1328లలో చనిపోయారు. ఒక్కరికీ బతికి బట్టకట్టిన కొడుకు లేడు.

ఇప్పుడు సింహాసనం ఎవరిది? ఒకవైపు ఇసబెల్లా కొడుకు, పదిహేనేళ్ల మూడవ ఎడ్వర్డ్. అంటే నాల్గవ ఫిలిప్‌కు కూతురి కొడుకు. మరోవైపు నాల్గవ ఫిలిప్ తమ్ముడి కొడుకు, వాలువా వంశపు ఫిలిప్. 1316లోనే ఇసబెల్లా పెద్దన్న కూతురు జాన్‌ను, ఆడపిల్ల అని పక్కన పెట్టారు. 1328లో ప్రభువులు ఇంకో అడుగు ముందుకేశారు: స్త్రీకి లేని హక్కు ఆమె కొడుక్కి ఎలా వస్తుందన్నారు. వాలువా ఫిలిప్‌ను రాజుగా నిలబెట్టారు.

1337లో ఆ ఫిలిప్, ఇంగ్లండ్ చేతిలో మిగిలిన ఆక్విటేన్ భాగాన్ని జప్తు చేసినట్టు ప్రకటించాడు. యుద్ధం మొదలైంది. 1340లో ఎడ్వర్డ్ ‘ఫ్రాన్స్ రాజును నేనే’ అన్నాడు. 1453లో ఇంగ్లండ్ ఆక్విటేన్‌ను పూర్తిగా పోగొట్టుకుంది. అయినా ‘ఫ్రాన్స్ రాజు’ అన్న బిరుదును ఇంగ్లండ్ రాజులు 1801 వరకు వదల్లేదు.

అదే కాలంలో ఓరుగల్లు

ఫ్రాన్స్‌లో ఈ వాదన జరగడానికి ముందే కాకతీయులు ఇదే ప్రశ్నకు వేరే జవాబు చెప్పారు. కొడుకులు లేని గణపతిదేవుడి తరువాత కూతురు రుద్రమదేవి పాలించింది. ఆమె తరువాత 1289లో రాజైన ప్రతాపరుద్రుడు ఆమెకు కూతురి కొడుకే. కాబట్టి ‘ఆ రోజుల్లో అంతటా అంతే’ అని పిల్లలు అనుకోనక్కర్లేదు.

ఇంట్లో చేసి చూడండి

ఒక కాగితం మీద నాల్గవ ఫిలిప్, అతని తమ్ముడు, పిల్లలు, మనవల పేర్లతో వంశవృక్షం గీయమనండి. 1328లో తీర్పు చెప్పాల్సింది నువ్వే అయితే ఎవరికి కిరీటం ఇస్తావు, ఎందుకు అని అడగండి. పక్కనే మీ కుటుంబ వంశవృక్షం కూడా గీయించండి. నాన్నగారి వైపు ఎన్ని తరాల పేర్లు వచ్చాయో, అమ్మమ్మ వైపు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టించండి. ఒక వైపు ఖాళీలు ఎక్కువుంటే ఎందుకున్నాయో పిల్లలే అడుగుతారు. అమ్మమ్మకు ఫోన్ చేయించండి, ఖాళీలు నిండుతాయి.