పిడికిలి ఆయుధమా?

పిల్లలూ, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలో వెలువడింది. ఆడేవారిలో ఒకరు కథ నడుపుతూ తీర్పరిగా ఉంటారు. తక్కినవారు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుంటారు. వీరుడి దెబ్బ తగిలిందో లేదో 20 ముఖాల పాచిక వేసి తేలుస్తారు.

ఇందులో పాలడిన్ అనే యోధుడున్నాడు. అతడు ఆయుధపు దాడితో శత్రువును దగ్గరనుంచి కొడితే, తన మంత్రశక్తి కొంత ఖర్చుపెట్టి, ఆయుధం చేసే గాయానికి తోడు దివ్యతేజస్సుతో మరికొంత గాయం చేయవచ్చునని 2014 నాటి నియమం. సరే, ఎదుట రాక్షసుడు ఉండగా కత్తి జారిపోయి, పిడికిలితో గుద్దాడనుకోండి. అప్పుడో?

చిక్కంతా ఇక్కడే ఉన్నది. పిడికిలి ఆయుధం కాదట; అయినా దానితో ఆయుధపు దాడి చేయవచ్చునట! 2015లో సవరణ వేసి మరీ అలా అన్నారు. ఇక నియమంలో మొదటి సగం పట్టుకున్నవాడు "చెల్లుతుంది" అంటాడు. రెండో సగం పట్టుకున్నవాడు, "ఆయుధమే లేనప్పుడు ఆయుధం చేసే గాయమెక్కడిది?" అంటాడు. ఇద్దరూ చూపేది ఒకే పుస్తకం!

అటువంటప్పుడు తీర్పరి మాటే ఖాయం. అయితే ఇవాళ ఒక వీరుడికి చెప్పిన తీర్పు రేపు ఇంకొకడికి మార్చాడా, ఆట కాస్తా పోట్లాటవుతుంది.

నేనే తీర్పరినైతే, వ్యాకరణం పీరియడులోలాగా వాక్యం చివరిదాకా చదివించి, చెల్లదనేవాణ్ణి. కాని 2024లో వచ్చిన కొత్త పుస్తకం, పిడిగుద్దుకు కూడా ఆ శక్తి చెల్లుతుందని స్పష్టంగా రాసి నన్ను ఓడించింది.