హీట్ పంపు ఖర్చులో సర్కారు వాటా: అమెరికాలో పన్ను క్రెడిట్లు, రిబేట్లు

అమెరికాలో ఒక సగటు ఇంట్లో ఖర్చయ్యే ఇంధనంలో సగానికి పైగా ఆ ఇంటిని వెచ్చబరచడానికీ చల్లబరచడానికీ పోతుంది. పాత ఫర్నేసులు, సందుల్లోంచి గాలి కారే కిటికీలు, అటక మీద పలచబడిన ఇన్సులేషన్ ఆ బిల్లును ఇంకా పెంచుతాయి. వీటిని మార్చుకోవాలంటే ముందే పెద్ద మొత్తం పెట్టాలి. ఆ భారంలో కొంత మోయడానికి అక్కడి కేంద్ర ప్రభుత్వం రెండు దారులు తెరిచింది. ఒకటి పన్ను క్రెడిట్, రెండోది రిబేటు.

పన్ను క్రెడిట్ కట్టాల్సిన పన్నునే నేరుగా తగ్గిస్తుంది. ఇంటి మెరుగుదల క్రెడిట్ 2005 నాటి ఇంధన విధాన చట్టంతో మొదలైంది. చాలా ఏళ్లపాటు ఒక వ్యక్తికి జీవితకాలం మొత్తానికీ 500 డాలర్లే దక్కేవి. వేల డాలర్ల పని చేయించుకునేవారికి అది ఏ మూలకూ వచ్చేది కాదు. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం ఈ పరిస్థితిని మార్చింది. 2023 నుంచి ఖర్చులో 30 శాతం క్రెడిట్‌గా వచ్చింది. జీవితకాల పరిమితి పోయి ఏటేటా కొత్త పరిమితి వచ్చింది. హీట్ పంపుకు, హీట్ పంపు వాటర్ హీటరుకు కలిపి ఏడాదికి 2,000 డాలర్లు. ఇన్సులేషన్, కిటికీలు, తలుపులు, సెంట్రల్ ఏసీ వంటి వాటికి వేరుగా 1,200 డాలర్లు, అందులో కిటికీలకు 600 మించేది కాదు. అంటే ఒక ఏడు కిటికీలు, మరుసటి ఏడు ఇన్సులేషన్ పెట్టుకున్నవారికి రెండుసార్లూ లాభమే.

హీట్ పంపుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అది వేడిని పుట్టించదు, ఉన్నచోటు నుంచి మోసుకొస్తుంది. వేసవిలో ఏసీలాగే లోపలి వేడిని బయటికి తోస్తుంది. చలికాలంలో ఒక వాల్వు దిశ మార్చగానే బయటి చల్లగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లోకి తెస్తుంది. అందువల్ల ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి అందుతుంది. మామూలు కరెంటు హీటరు ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే ఇస్తుంది.

ఏది మార్చాలో తెలుసుకోవడానికి ముందు ఇంటికి ఎనర్జీ ఆడిట్ చేయించడం మంచిది. దానికీ 150 డాలర్ల వరకు క్రెడిట్ ఉండేది. ఆడిటర్ వీధి తలుపు చట్రంలో ఒక గుడ్డ తెర బిగించి, దానికి అమర్చిన ఫ్యానుతో ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తాడు. లోపల ఒత్తిడి తగ్గడంతో బయటి గాలి ప్రతి సందులోంచీ చొరబడుతుంది. స్విచ్‌బోర్డు దగ్గర, అటక మూత చుట్టూ, కిటికీ అంచున పొగ వదిలే చిన్న గొట్టం పట్టుకుంటే పొగ వణికి పక్కకు మళ్లుతుంది. సందులు మూయకుండా పెద్ద యంత్రం కొనడం దండగ.

క్రెడిట్ లెక్కలో తడబడేవారు ఎక్కువే. 6,000 డాలర్ల హీట్ పంపుకు కరెంటు కంపెనీ కొనుగోలు రాయితీగా 1,000 ఇస్తే, మిగిలిన 5,000 మీదే 30 శాతం, అంటే 1,500 వచ్చేది. ఆ ఏడాది పన్ను 1,100 డాలర్లే అయితే దక్కేది 1,100. తక్కిన 400 చేతికి వచ్చేది కాదు, మరుసటి ఏడాదికీ జమయ్యేది కాదు. ఇక్కడ పన్ను అంటే ఏప్రిల్‌లో రిటర్ను వేసేటప్పుడు అదనంగా కట్టేది కాదు, జీతంలో ముందే కోసుకున్నదంతా కలిపిన ఏడాది మొత్తం. ఏప్రిల్‌లో బాకీ ఏమీ లేదని క్రెడిట్ అడగడం మానేస్తే నష్టపోయినట్టే.

ఇందులో ఒక లోటు ఉంది. పన్ను ఎక్కువ కట్టే కుటుంబానికే పూర్తి ఫలం అందింది. 2023 రిటర్నుల్లో ఈ క్రెడిట్‌నూ, సోలార్ పలకల వంటి వాటికి ఇచ్చిన మరో క్రెడిట్‌నూ కలిపి 34 లక్షల కుటుంబాలు 840 కోట్ల డాలర్లు పొందాయి. వీటికి ఆదాయ పరిమితి లేకపోవడంతో టెక్సస్, న్యూజెర్సీల్లో సాఫ్ట్‌వేర్ జీతాలతో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ అవి వర్తించాయి. అయితే ఇంటి మెరుగుదల క్రెడిట్ అప్పటికే ఉన్న ఇంటికే. కొత్తగా కట్టించుకున్న ఇంట్లో బిల్డరు అమర్చిన హీట్ పంపుకు అది రాలేదు.

తక్కువ ఆదాయం వారి కోసం అదే చట్టం రిబేట్లకు సుమారు 880 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ సొమ్మును రాష్ట్రాలు పంచుతాయి. 2024 మేలో న్యూయార్క్ ముందుగా మొదలుపెట్టింది. ఇందులో ఒక పథకం కింద హీట్ పంపుకు 8,000 డాలర్ల వరకు, ఇంటి మొత్తానికి 14,000 వరకు ఇవ్వవచ్చు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు సంపాదించేవారికి పరిమితికి లోబడి మొత్తం ఖర్చు, 80 నుంచి 150 శాతం మధ్య వారికి సగం. అంతకు మించితే ఏమీ రాదు. రిబేటు కొనేటప్పుడే బిల్లులో తగ్గుతుంది. ముందు సొమ్ము పెట్టుకోలేని కుటుంబానికి అసలైన ఆసరా ఇదే.

2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం 2032 వరకు సాగాల్సిన ఇంటి మెరుగుదల క్రెడిట్‌ను 2025 డిసెంబరు 31తో ముగించింది. ఇక్కడ చూసేది సొమ్ము కట్టిన తేదీని కాదు, అమర్చడం పూర్తయిన తేదీని. డిసెంబరులో డబ్బు కట్టి జనవరిలో బిగించుకుంటే రాదు. ఏళ్ల ముందు నుంచి పని ఖరారు చేసుకునే గృహస్థులకు ఇంత హఠాత్తు గడువు అన్యాయమే.

రిబేట్ల చట్టాన్ని మాత్రం రద్దు చేయలేదు. నిధులు మిగిలిన రాష్ట్రాల్లో 2031 సెప్టెంబరు వరకు నడపవచ్చు. పని మొదలుపెట్టకముందే రాష్ట్ర ఇంధన శాఖను అడిగి అర్హత తేల్చుకోవాలి, చాలాచోట్ల తర్వాత అడిగితే ఇవ్వరు. గడువులోపు బిగించుకుని క్రెడిట్ అడగడం మరచినవారు ఫారం 5695 జతచేసి సవరించిన రిటర్ను వేసుకోవచ్చు. 2023 ఖర్చులకు ఆ అవకాశం సాధారణంగా 2027 ఏప్రిల్ వరకు ఉంటుంది.