రొమ్ము క్యాన్సరు - యూరోకైనేజ్ సూచిక

యూరోకైనేజ్ రకపు ప్లాస్మినోజెన్ ఆక్టివేటర్ (యూపీఏ) మాంసకృత్తులను విడగొట్టే ఒక ఎంజైము. రొమ్ము క్యాన్సరు కణితిలో దీని పరిమాణాన్ని బట్టి వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని అంచనా వేస్తారు.

పనిచేసే తీరు

ఈ ఎంజైము ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. ప్లాస్మిన్ కణాల చుట్టూ ఉండే అల్లికను కరిగించడం వలన క్యాన్సరు కణాలు రక్తనాళాలలోనికి చొరబడి ఇతర అవయవాలకు చేరగలవు. ఈ ఎంజైమును అదుపుచేసే నిరోధకం పీఏఐ-1. అయితే ఆ నిరోధకం ఎక్కువగా ఉండటం కూడా మంచిది కాదు. కణాలు అంటుకొన్న చోటు నుండి విడివడి కదలడానికి అది తోడ్పడుతుంది.

చికిత్సలో ఉపయోగం

చంకలోని లింఫు గ్రంథులకు వ్యాధి పాకనివారిలో చాలామందికి కీమోథెరపీ అవసరం ఉండదు. ఎవరికి అవసరమో గుర్తించడమే కష్టం. జర్మనీలో 1993-1998 మధ్య చేరిన రోగులపై కీమో-ఎన్0 అనే పరిశీలన జరిగింది. కీమోథెరపీ తీసుకొననివారిలో, ఈ రెండు పదార్థాలూ తక్కువగా ఉన్నప్పుడు 10 ఏళ్ళలో 12.9 శాతం మందికి, ఏ ఒక్కటైనా ఎక్కువగా ఉన్నప్పుడు 23 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. 2007లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ ఈ పరీక్షను సిఫారసు చేసింది.

పరిమితులు

పరీక్షకు తాజా కణితి ముక్క గాని, వెంటనే అతిశీతలంలో గడ్డకట్టించిన ముక్క గాని కావాలి. ఆసుపత్రులలో సాధారణంగా ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో పొదిగిన ముక్కలనే భద్రపరుస్తారు. అందువలన దీని వాడకం విస్తరించలేదు. అటువంటి ముక్కలతోనే చేయగల జన్యు పరీక్షలు ఎక్కువగా వాడుకలోనికి వచ్చాయి.