పచ్చికలో పాప్-అప్ స్ప్రింక్లర్: హెడ్ మార్చడం, సరిచేయడం

వేరుశనగ చేలల్లో గిరగిర తిరుగుతూ నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు మనకు కొత్త కాదు. దీన్నే తుంపర సేద్యం అంటాం. ఇళ్ళ ముందు లాన్లలో, పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో వాడే పాప్-అప్ స్ప్రింక్లర్ ఈ కుటుంబానికి చెందినదే. నీరు వదలనప్పుడు నేలలో దాగి ఉంటుంది. నీరు వదలగానే తల పైకెత్తి చిమ్ముతుంది. నీరు ఆపితే మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. గడ్డి కోసే యంత్రానికి అడ్డం రాదు, నడిచేవారి కాలికి తగలదు.

ఇది పాడైతే చాలామంది చేసే మొదటి పని కొత్త హెడ్ కొనడం. అది కూడా సరిగా పనిచేయకపోతే నీళ్ళు ఇంకొంచెంసేపు వదులుతారు. ఈ రెండో పని ఖరీదైనది. ఎందుకో ఒక చిన్న లెక్కతో ప్రారంభిద్దాం.

ఒక లాన్ లెక్క

9 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న లాన్ తీసుకుందాం. సుమారు నాలుగున్నర మీటర్ల దూరం చిమ్మే హెడ్లను నాలుగున్నర మీటర్లకు ఒకటి చొప్పున పెడితే 9 హెడ్లు పడతాయి. మూలల్లో ఉన్న నాలుగూ పావు వృత్తం, అంచుల మధ్య ఉన్న నాలుగూ అర వృత్తం, నడుమ ఉన్న ఒక్కటీ పూర్తి వృత్తం తడపాలి.

సరైన పీడనం ఉంటే ఈ పరిమాణంలో పూర్తి వృత్తపు నాజిల్ నిమిషానికి సుమారు 14 లీటర్లు, అర వృత్తపు నాజిల్ 7 లీటర్లు, పావు వృత్తపు నాజిల్ మూడున్నర లీటర్లు వదులుతాయి. అన్నీ కలిపితే నిమిషానికి 56 లీటర్లు. అంటే పది నిమిషాలకు 560 లీటర్లు. మన నగరాల నీటి పథకాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని లెక్క వేస్తారు. కాబట్టి ఈ పది నిమిషాల నీరు నలుగురున్న కుటుంబానికి ఒక రోజు అవసరం కంటే కొంచెం ఎక్కువే. హెడ్ సరిగా ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

హెడ్ లోపల ఏముంది?

కత్తికి ఒర ఉన్నట్టే హెడ్‌కు బయట ఒక ప్లాస్టిక్ ఒర ఉంటుంది. అది నేలలో పాతి ఉంటుంది. దానిలో పైకీ కిందికీ కదిలే గొట్టాన్ని రైజర్ అంటారు. ఆ గొట్టాన్ని ఎప్పుడూ కిందికి లాగుతూ ఒక స్టీలు స్ప్రింగు ఉంటుంది. రైజర్ కొసన నాజిల్, నాజిల్ కింద చిన్న జల్లెడ ఉంటాయి. ఒర మీద మూత, మూతలో రైజర్‌ను చుట్టుకొని ఒక రబ్బరు సీలు ఉంటాయి.

ఇది పనిచేసేది ఒకే సూత్రం మీద: బలం అంటే పీడనాన్ని వైశాల్యంతో గుణించిన విలువ. రైజర్ వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకుంటే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 3 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ పీడనం దాన్ని సుమారు 3 కిలోల బరువంత బలంతో పైకి నెడుతుంది. ఆ బలం స్ప్రింగు లాగుడును, సీలు దగ్గరి రాపిడిని మించితేనే హెడ్ తల ఎత్తుతుంది. పీడనం సగమైతే ఆ బలమూ సగమవుతుంది. అప్పుడు కొత్త హెడ్ పెట్టినా లేవదు.

మేడమీది ట్యాంకు చాలదు

మన ఇళ్ళలో ఎక్కువ చిక్కులు ఇక్కడే వస్తాయి. పది మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం సుమారు ఒక బార్ పీడనం కలిగిస్తుంది. ఒక అంతస్తు మేడ మీద ఉన్న ట్యాంకు అడుగు భాగం నేలనుంచి 8 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, లాన్ దగ్గర అందే పీడనం 0.8 బార్ మాత్రమే. గొట్టాల్లో నీరు పారేటప్పుడు రాపిడివల్ల అందులోనూ కొంత పోతుంది. సాధారణ పాప్-అప్ స్ప్రే నాజిళ్ళకు బాగా పనిచేయడానికి కావలసినది సుమారు 2 బార్లు, అంటే 20 మీటర్ల ఎత్తు. అందుచేత మేడమీది ట్యాంకుకు తగిలించిన హెడ్లు సగం లేచి, చుట్టూ నీళ్ళు ఉబుకుతూ నిలబడిపోతాయి. తప్పు హెడ్‌ది కాదు. ట్యాంకు చాలినంత ఎత్తులో లేదు, అంతే.

దీనికి పరిష్కారం సంపులోనుంచి తోడే మోటారు. పైన చెప్పిన లాన్‌కు నిమిషానికి 56 లీటర్లను 25 మీటర్ల ఎత్తుకు ఇవ్వగల మోటారు కావాలి. సరిగా ఎంచుకుంటే ఒక హార్స్‌పవర్ సరిపోతుంది. మునిసిపల్ గొట్టానికి నేరుగా మోటారు బిగించడం మాత్రం తగదు. అది వీధిలో ఇతరుల నీటిని లాగేస్తుంది. అంత మోటారు పెట్టలేకపోతే హెడ్లను రెండు మూడు వరుసలుగా విడదీసి, ఒక్కొక్క వరుసకు ఒక వాల్వు పెట్టి, ఒకటి తర్వాత ఒకటి తడపవచ్చు.

పీడనం మరీ ఎక్కువైనా మంచిది కాదు. పీడనం నాలుగు రెట్లయితే నీటి ప్రవాహం రెండు రెట్లు అవుతుంది. కానీ చినుకులు మరీ సన్నబడి పొగమంచులా గాలికి కొట్టుకుపోతాయి. లాన్ మీద తెల్లటి పొగలా కనిపిస్తే వాల్వును కొంచెం తిప్పి పీడనం తగ్గించాలి.

జబ్బును గుర్తుపట్టడం

విప్పడానికి ముందు నీళ్ళు వదిలి రెండు నిమిషాలు నిలబడి చూడండి.

1. ఒక్క హెడ్ మాత్రమే లేవకపోతే లోపం దానిలోనే ఉంది. ఇసుక చేరడం, జల్లెడ మూసుకుపోవడం, రైజర్ వంగడం ఇందుకు కారణాలు.

2. అన్నీ సగం సగమే లేస్తుంటే లోపం హెడ్లలో లేదు. వాల్వు పూర్తిగా తెరిచారా, గొట్టం ఎక్కడైనా పగిలిందా, మోటారు నీరు తీసుకునే చోట చెత్త అడ్డుపడిందా చూడాలి.

3. ఒక హెడ్ నాజిల్ ఊడిపోయి నీరు స్తంభంలా పైకి లేస్తుంటే, దాని వరుసలో మిగిలినవి నీరసిస్తాయి. ఆ ఒక్కటి బాగుచేస్తే అన్నీ లేస్తాయి.

4. లేచిన హెడ్ నీరు ఆపిన తర్వాత దిగకపోతే సీలు దగ్గర ఇసుక ఉన్నట్టు, లేదా స్ప్రింగు బలహీనపడినట్టు.

5. నీరు ఆపిన తర్వాత కూడా అన్నింటికన్నా పల్లంలో ఉన్న హెడ్ కారుతుంటే అది హెడ్ లోపం కాదు. గొట్టాల్లో మిగిలిన నీరు పల్లానికి దిగుతోంది. అక్కడ వెనక్కు పోనివ్వని వాల్వు ఉన్న హెడ్ పెడితే ఆగుతుంది. లేకపోతే ఆ మడుగులో దోమలు పెరుగుతాయి.

ముందు శుభ్రం, తర్వాతే మార్పు

బోరు నీళ్ళలో సన్నని ఇసుక, సున్నపు లవణాలు ఎక్కువగా ఉంటాయి. రైజర్‌ను చేత్తో పైకి లాగి పట్టుకొని, నాజిల్ తిప్పి విప్పి, జల్లెడను పాత పళ్ళ బ్రష్షుతో కడగండి. నాజిల్ మీద తెల్లని పెచ్చు కట్టి ఉంటే నిమ్మరసంలో గాని వెనిగర్‌లో గాని కొన్ని గంటలు నానబెట్టండి. ఆ పెచ్చు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. సూదితో గాని పిన్నుతో గాని పొడవకూడదు. రంధ్రం కొంచెం పెద్దదైనా, ఒక పక్క అరిగినా నీరు ఇక సమంగా పడదు.

సీలు గాని స్ప్రింగు గాని పోతే తవ్వవలసిన పని లేదు. మూతను ఎడమవైపు తిప్పి విప్పి లోపలి భాగాన్ని మొత్తం బయటికి తీసి, అదే కంపెనీ అదే రకం కొత్త లోపలి భాగాన్ని పాత ఒరలో పెట్టవచ్చు. విప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరి ముఖానికి తగలకుండా చేయి అడ్డు పెట్టుకోవాలి.

ఒర పగిలితేనే మొత్తం మార్చడం

ముందుగా మోటారు స్విచ్ ఆపి, వాల్వు మూయండి. తడి చేతులతో స్విచ్ ముట్టుకోవద్దు. హెడ్ చుట్టూ జానెడు దూరంలో గడ్డిని మట్టితో సహా గుండ్రంగా కోసి గోనెసంచి మీద పెట్టండి. గొట్టం కనిపించేదాకా నెమ్మదిగా తవ్వండి. కింది గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకొని, రెండో చేత్తో హెడ్‌ను ఎడమవైపు తిప్పి విప్పండి. కింది గొట్టం కూడా తిరిగితే భూమిలో కీలు విరుగుతుంది. విప్పగానే మట్టి లోపలికి పడకుండా ఒక గుడ్డ కుక్కండి.

కొత్త హెడ్ పాతదానంత ఎత్తే ఉండాలి. మరలు అరంగుళమా, ముప్పావు అంగుళమా చూసి కొనాలి. మరల మీద టెఫ్లాన్ టేపును రెండు మూడు చుట్లు చుట్టి చేత్తోనే బిగించండి. పెద్ద పానాతో బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. నాజిల్ పెట్టకుండా అరనిమిషం నీళ్ళు వదిలి లోపలి మట్టిని కడిగేయాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. కొత్త హెడ్ వారం తిరగకముందే మూసుకుపోవడానికి తరచు ఇదే కారణం. తర్వాత జల్లెడ, నాజిల్ పెట్టండి. హెడ్ పైభాగం నేలతో సమంగా ఉండాలి. మీద రసమట్టం పెట్టి నిటారుగా ఉందో లేదో చూసి మట్టి పూడ్చి, కాలితో అదిమి, గడ్డి చక్రాన్ని తిరిగి పరచండి. వాలుగా నిలబడ్డ హెడ్ ఒక వైపు నేలను తవ్వుతుంది, మరొక వైపు నీటిని గాలిలోకి విసురుతుంది.

దిశ, కోణం, దూరం

స్ప్రే హెడ్‌లో రైజర్‌ను పైకి లాగి పట్టుకొని తిప్పితే టకటకమని కదులుతుంది. తడపవలసిన భాగం ఒక అంచును దీనితో గోడకు గాని దారికి గాని సమంగా పెట్టాలి. కోణం మార్చగల నాజిల్ అయితే దాని పట్టీని తిప్పి రెండో అంచును పెట్టాలి. నాజిల్ మీది చిన్న స్క్రూను కుడివైపు తిప్పితే దూరం తగ్గుతుంది. దూరాన్ని పావు వంతు మేరకే ఇలా తగ్గించాలి. అంతకన్నా తగ్గించవలసి వస్తే చిన్న నాజిల్ కొనడమే మంచిది. నెమ్మదిగా తిరిగే రోటార్ రకంలో సాధారణంగా ఒక అంచు స్థిరంగా ఉంటుంది. అది ఎడమదా కుడిదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి మూత మీది గుర్తు చూసి తిప్పాలి.

ఒక హెడ్ నీరు పక్క హెడ్ మొదలు దాకా చేరాలి. ఎందుకంటే ఏ హెడ్ అయినా తన చుట్టూ అన్ని దూరాల్లోనూ ఒకే లోతు నీరు పోయలేదు. పక్కవాటి నీరు కలిస్తేనే సమమవుతుంది. మూలలో పూర్తి వృత్తపు నాజిల్ పెడితే నీటిలో ముప్పావు వంతు గోడ మీద, వీధిలో పడుతుంది. పది నిమిషాల్లో ఆ ఒక్క మూలనుంచే 105 లీటర్లు వృథా అవుతాయి.

డబ్బాల పరీక్ష

ఇది ఇంట్లో ఎవరైనా చేయగల ప్రయోగం. నిలువు గోడలున్న ఒకే రకం డబ్బాలు పన్నెండు తీసుకొని లాన్ అంతటా సమ దూరాల్లో పెట్టండి. గాలి లేని ఉదయం పది నిమిషాలు నీళ్ళు వదిలి, ఒక్కొక్క డబ్బాలో నీటి లోతును స్కేలుతో కొలవండి. మన లెక్క ప్రకారం 560 లీటర్లు 81 చదరపు మీటర్ల మీద సమంగా పడితే లోతు సుమారు 7 మిల్లీమీటర్లు రావాలి.

సగటు 7 వచ్చినా, అన్నింటికన్నా తక్కువ ఉన్న మూడు డబ్బాల సగటు మూడున్నరే వచ్చిందనుకోండి. ఆ ఎండిన జాగాకు 7 మిల్లీమీటర్లు అందాలంటే ఇరవై నిమిషాలు తడపాలి. అంటే 1120 లీటర్లు. ఒక వాలిన హెడ్, ఒక మూసుకుపోయిన జల్లెడ రోజూ మనచేత రెట్టింపు నీరు వాడిస్తాయి.

చివరిగా నేల సంగతి. ఈ హెడ్లు గంటకు సుమారు 40 మిల్లీమీటర్ల వేగంతో నీరు పోస్తాయి. తడిసిన నల్లరేగడి గంటకు 5 మిల్లీమీటర్లు కూడా పీల్చుకోలేదు. కాబట్టి అలాంటి నేలలో పది నిమిషాలను మూడు విడతలుగా, మధ్యలో అరగంట చొప్పున విరామం ఇచ్చి తడపాలి. ఎర్ర ఇసుక నేలలో ఈ చిక్కు తక్కువ. తెల్లవారుజామున తడిపితే గాలి, ఎండ రెండూ తక్కువగా ఉండి నీరు నేలకే చేరుతుంది.

చేసి చూడండి

1. మీ ట్యాంకు అడుగు భాగం లాన్ కంటే ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంది? అక్కడ దొరికే పీడనం ఎన్ని బార్లు?

2. మీ లాన్‌లో హెడ్లు నిమిషానికి మొత్తం ఎన్ని లీటర్లు వదులుతాయి? ఒక నాజిల్ నీటిని గొట్టంతో బకెట్లోకి పట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి లెక్కించండి.

3. డబ్బాల పరీక్షను హెడ్లు శుభ్రం చేయకముందు ఒకసారి, చేసిన తర్వాత ఒకసారి చేయండి. రెండు ఫలితాల మధ్య తేడాను లీటర్లలోకి మార్చి, అది మీ ఇంట్లో ఎందరి ఒక రోజు నీటి అవసరమో రాయండి.