బ్లేడు అంచున తేలే వంకర

ఇంట్లో అరగదీసిన టెలిస్కోపు అద్దం ఎంత నున్నగా ఉన్నా అది పనికొస్తుందని చెప్పలేం. నునుపు వేరు, వంపు వేరు. ఆరు అంగుళాల అద్దం, నాలుగు అడుగుల నాభ్యంతరం అనుకుందాం. రెండు గాజు బిళ్లల మధ్య కార్బోరండం పొడి వేసి రుద్దుతూ పోతే పైబిళ్లలో దానంతటదే గోళాకారపు గుంట పడుతుంది. లోతు 1.2 మిల్లీమీటర్లు. నక్షత్రపు వెలుగంతా ఒక్క బిందువుకు చేరాలంటే మాత్రం ఆ గుంట పరావలయం కావాలి. నడిమధ్యన రెండు వంపులూ కలిపి చూస్తే అంచు దగ్గర తేడా 0.29 మైక్రాన్లే. ఏ స్కేలుతో కొలుస్తారు?

లోలకంతో భూభ్రమణాన్ని చూపించిన ఫూకోయే 1858లో దీనికీ దారి కనిపెట్టాడు. అద్దానికి ఎనిమిది అడుగుల దూరం నుంచి, సన్నని చీలికలోంచి దీపం వెలుగు పంపాలి. అది తిరిగొచ్చి చీలిక పక్కనే చేరుతుంది. అక్కడ గడ్డం గీసుకునే బ్లేడును అడ్డంగా జరుపుతూ దాని వెనక కన్ను పెట్టాలి. అచ్చమైన గోళమైతే అద్దమంతా ఒక్కసారే మసకబారుతుంది. పరావలయమైతే పక్కనుంచి వెలుగు పడిన గారెలా కనిపిస్తుంది. మధ్యభాగం మసకబారే చోటి నుంచి అంచు మసకబారే చోటికి బ్లేడును 2.4 మిల్లీమీటర్లు వెనక్కి లాగాలి. అంటే 0.29 మైక్రాన్ల తేడా ఎనిమిది వేల రెట్లు పెరిగి స్క్రూ గేజీకి చిక్కిందన్నమాట! పూత కూడా అక్కర్లేదు. ఉత్త గాజు తిప్పిపంపే నాలుగు శాతం వెలుగే చాలు.

ఇంత సున్నితం కనుకే ఇది గదినీ పట్టిస్తుంది. అమలాపురంలోనో రాజోలులోనో మే నెల మధ్యాహ్నం చూస్తే కనిపించేది అద్దం కాదు, గదిలో గాలి. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీంచి లేచే వేడి పొగలా కదులుతుంది. గాజు మీద కాసేపు బొటనవేలు ఆనిస్తే అక్కడ గుట్ట లేస్తుంది, చల్లారాక పోతుంది. రుద్దిన వెంటనే కొలిచి మళ్లీ రుద్దే తొందరగాళ్లు, లేని గుట్టను చెరపబోయి నిజం గుంట తవ్వుకుంటారు. అద్దాన్ని రాత్రంతా గదిలో వదిలేసి, తెల్లవారుజామున ఫ్యాను కట్టేసి చూడాలి.

హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు మన దేశంలోనే చేయించ తలపెట్టిన 2.34 మీటర్ల కావలూరు టెలిస్కోపు అద్దానికైనా, మన ఆరు అంగుళాల బిళ్లకైనా పరీక్ష తప్పదు. అయితే ఒక్క పరీక్షనే నమ్మితే ఏమవుతుందో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చెప్పింది. 1990లో పైకి వెళ్లిన దాని అద్దం అంచున సుమారు 2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా ఉంది. కొలిచిన పరికరంలోనే ఒక లెన్సు ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్లు తప్పింది. వేరే పరికరం తేడా చూపించినా దాని మాటే కొట్టేశారు.

అందుకే ఆఖరున నక్షత్రాన్ని చూడాలి. ఐపీసును ఫోకసుకు కాస్త లోపలికీ, కాస్త బయటికీ జరిపితే నక్షత్రం బిళ్లలా విచ్చుకుంటుంది. రెండు బిళ్లలూ ఒకేలా ఉంటే అద్దం కుదిరినట్టు. దాదాపు కదలదు కనుక ధ్రువ నక్షత్రాన్ని వాడమంటారు. కోనసీమలో అది సుమారు 16.5 డిగ్రీల ఎత్తులోనే, చాలా పెరళ్లలో కొబ్బరి మట్టల వెనక ఉంటుంది. బదులుగా సైకిలు బేరింగు బాలు ఒకటి నల్లగుడ్డ మీద అతికించి, 50 మీటర్ల దూరాన పొద్దుటెండలో పెట్టండి. దాని మీద మెరిసే చుక్కే నక్షత్రం. నేల కాగకముందే చూసెయ్యాలి.