బండి అడుగు కవచము

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు గండశిలలును పొదలును మిక్కుటముగా నుండిన మాదాపూర్ పరిసరములలో నేడు అద్దాల మేడలు లేచినవి. ఆ మేడల సెల్లారులలో వారమంతయు విశ్రమించు థార్, జిమ్నీ వంటి వాహనములు సెలవునాడు మూసీనది పుట్టినచోటగు అనంతగిరి కొండల దారి పట్టుచున్నవి. ఆ గతుకులలో ఇంజిను ఆయిలుండు చాంబరును, నాలుగు చక్రములకు శక్తిని పంచు ట్రాన్స్‌ఫర్ కేసును రాతి దెబ్బల నుండి కాపాడు ఉక్కు లేక అల్యూమినియపు పలకయే స్కిడ్ ప్లేట్.

డ్రెయిన్ బోల్టునకు సూటిగా రంధ్రము లేని పలకను ఆయిలు మార్చునప్పుడు ఎట్లును విప్పవలయును. ఐనను నా దృష్టిలో దానిని విప్పుటకు అంతకన్న ముఖ్యమైన కారణము వేఱొకటి కలదు: వానకాలపు ఎఱ్ఱమన్ను పలకకును చాంబరునకును నడుమ మేటవేసి, తేమను పట్టియుంచి బోల్టులకు త్రుప్పు పట్టించుటయే గాక, ఎచ్చటనైన ఆయిలు చెమర్చుచున్నను దానిని పీల్చుకొని మన కంటబడనీయదు.

ఇంజిను చల్లాఱిన పిదప, సెల్లారు వాలుదారిలో గాక చదునైన గచ్చుమీద, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి పని ఆరంభింపవలయును. బండిని ఎత్తవలసివచ్చినచో స్టాండుల మీదనే నిలుపవలయును. జాకీనొక్కదానిని నమ్మి క్రింద దూరుట ప్రాణములతో చెలగాటము. త్రుప్పుపట్టిన బోల్టులకు ముందుగా నూనె పట్టించి కొంతసేపు ఆగవలయును. తొందరపడినచో తల తెగి మిగిలిన ముక్క ఛాసిస్‌లో నిలిచిపోవును. చివరి బోల్టు ఊడగానే బరువైన పలక మీదపడును గనుక, తోడుమనిషి చేతులనో మఱొక జాకీనో దానిక్రింద ఆనింపవలయును. బోల్టులన్నియు ఒకే పొడవున నుండకపోవచ్చును. ఏది ఎచ్చటిదో గుర్తు పెట్టుకొనవలయును.

విప్పుటకన్న తిరిగి బిగించుటయందే నేర్పు వలయును. దెబ్బతిని లోనికి వంగిన పలక చాంబరును తాకుచుండినచో, రబ్బరు మౌంటింగుల మీద కుదురుగా నున్న ఇంజిను కంపనము నేరుగా బండి దేహమునకెక్కి రొద చేయును. కావున దానిని సరిచేసి గాని పెట్టరాదు. మరలలోని మట్టిని తుడిచి, బోల్టులన్నింటిని మొదట చేతివ్రేళ్ళతోనే కొన్ని చుట్లు ఎక్కించి, అన్నియు తమ తావులలో కుదిరిన పిమ్మటనే పానా పట్టవలయును. ఒక మూలను పూర్తిగా బిగించి రెండవ మూలకు పోయినవానికి చివరి రంధ్రము కుదరదు. కుదరనిదానిని బలవంతముగా త్రిప్పినచో ఛాసిస్‌కు అతికియున్న నట్టు మరలు చెడును. బోల్టు పోయినచో క్రొత్తది కొనవచ్చును గాని ఆ నట్టును బాగుచేయించుట మిక్కిలి ప్రయాసము. ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుచు, తుదకు వాహనపు పుస్తకములో చెప్పిన కొలతకు టార్క్ రెంచితో ముగించి, మొదటి గతుకుల ప్రయాణము కాగానే బోల్టులన్నింటిని మఱల పరీక్షింపవలయును.